గడియారం మింగిన ఆరు గంటలు

"మూడు గంటలేగా!" అన్నాడు భర్త, ఫోన్లో టికెట్టు చూపిస్తూ. ఆమె అప్పుడు తాను లేని రోజులకు సరిపడా అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. "పదింటికి ఎక్కితే ఒంటిగంటకి దిగుతావు. అందుకే భోజనం పెట్టించలేదు. దిగాక మా అక్కవాళ్లింట్లో వండుకుని తిందువుగాని."

"అంత దూరం మూడు గంటల్లో ఎలాగండీ?"

"రాసుంది కదా! చదువుకున్నదానివేగా."

విదేశంలో ఉన్న ఆ వదినకు కాన్పయింది. ఎవరో ఒకరు వెళ్లాలన్నారు. ఆ ఇంట్లో ఎవరో ఒకరంటే ఎప్పుడూ ఆమే. కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఉద్యోగం ఆమెది. డాక్టరమ్మ ఇరవై రోజులే సెలవిచ్చింది, దాటితే ఇంకొకరిని పెట్టుకుంటానంది. తిరుగు టికెట్టు మాత్రం మూడు నెలల తర్వాతకు తీశారు. "గోడమీది అక్షరాలు చదివించడానికి నువ్వే ఉండాలా ఏం?" అంది అత్తగారు. ఆమె పెట్టె సర్దుకుంది. కోపం రావాల్సిన చోట, తిమ్మిరెక్కిన కాలిలా, ఏమీ తెలియడం లేదు.

విమానంలో ముందు సీటు వెనకున్న తెరమీద బొమ్మ విమానం నత్తలా పాకుతోంది. ఆమె చేతి గడియారంలో ఒంటిగంట దాటింది. తెరమీద ఇంకా ఐదువేల కిలోమీటర్ల దూరం. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పక్క సీటు పెద్దావిడ తన రొట్టెలో సగం తుంచి చేతిలో పెట్టింది.

"మూడు గంటలన్నారండీ మావారు."

"అక్కడి గడియారం మనకంటే ఇంచుమించు ఆరు గంటలు వెనకమ్మా. ప్రయాణం తొమ్మిది గంటలు, టికెట్టు చూస్తే మూడే. మా ఆయనా అంతే, ఎన్నిసార్లు చెప్పినా మూడే అంటారు." పెద్దావిడ నవ్వింది. "వెనక్కెళ్లేటప్పుడు చూడు, అదే దారి పదిహేను గంటల్లా కనపడుతుంది!"

ఆమె రొట్టె నమిలింది. ఆరు గంటలు కూర్చున్నా, నడుము పట్టేసినా, ఆకలేసినా, ఆ గంటలు లెక్కలోకి రావు. ఇదేం కొత్త కాదు. పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరేలోపు చేసే పనీ, తిరిగొచ్చి చేసే పనీ "ఇంట్లో ఖాళీయేగా" అన్న ఒక్క మాటలో ఏళ్లుగా ఇలాగే మాయమవుతున్నాయి.

దిగగానే ఫోన్ మోగింది. "చేరావా? మూడు గంటలేగా, అలసిపోయుండవు. వెళ్లగానే వంట మొదలుపెట్టు. ఇక్కడ చీకటి పడిపోయింది, అమ్మ మాత్రలు ఎక్కడ పెట్టావు?"

అద్దాల బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. చీకటి పడిందని అతను తన నోటితోనే చెప్పాడు, అయినా మూడు గంటలేనంటున్నాడు.

"ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నాయండీ" అని ఫోన్ సంచిలో వేసుకుంది. బయటికి దారి చూపే బాణం గుర్తును దాటి, టికెట్ల కౌంటరు ముందు నిలబడింది.

"తిరుగు ప్రయాణం ముందుకు జరపాలి. ఇరవై రోజుల లోపు."

కౌంటర్లో అమ్మాయి వెతికి, సీటుందని చెప్పింది. "భోజనం పెట్టించమంటారా మేడమ్?"

"రెండు పూటలా పెట్టించండి," అంది ఆమె. "తొమ్మిది గంటల ప్రయాణం."