ఏట్లో పడని కుంకుమ భరిణె

నేను ఒక కుంకుమ భరిణెను. అంకుడు కర్రతో చేసినదాన్ని, పిడికిట్లో ఇమిడిపోతాను. నా వయసు పంతొమ్మిదేళ్ళు. ఒకప్పుడు నన్ను ఏట్లో పారేయమని పదిమందీ కూర్చుని తీర్మానించారు. ఆ తీర్మానం ప్రకారం జరిగి ఉంటే ఈపాటికి శారదానది అడుగున కుళ్ళి మట్టిలో కలిసిపోయి ఉండేదాన్ని. జరగలేదు. కాళ్ళూ చేతులూ లేనిదాన్ని కనుక ఎదిరించానని గొప్పలు చెప్పుకోను. నన్ను పట్టుకున్న చేతులు ఎదిరించాయి. ఆ సంగతి చెబుతాను.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. కర్రను నున్నగా చెక్కే తరిణి మీద గిరగిరా తిరుగుతుంటే నా ఒంటికి లక్క ముక్క ఆనించారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి, ఎర్రగా నన్ను చుట్టుకుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వచ్చింది. నన్ను చేసినాయన మూత పెట్టి చూసి, తీసి చూసి, "బిగుతుగానే ఉంది" అని పక్కన పెట్టాడు. నా గురించి నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

అనకాపల్లి నూకాలమ్మ జాతరలో దేముడు అనే ఆటో డ్రైవరు నన్ను కొన్నాడు. అతనికి పెళ్ళయి అప్పటికి నెల. కొత్త పెళ్ళాం నూకరత్నానికి ఇస్తూ, "గాజులు కొందారనుకున్నాను, సైజు తెల్దు" అన్నాడు. నూకరత్నం నవ్వి, నన్ను దేవుడి గూట్లో పెట్టింది. పదకొండేళ్ళు నేను ఆ గూటిలోనే ఉన్నాను.

ఆ ఇంట్లో తెల్లారేది నాతోనే. నూకరత్నం తల మీద నీళ్ళు పోసుకుని, దీపం వెలిగించి, నా మూత తీసి ఉంగరపు వేలు ముంచేది. ముందు అమ్మవారి పటానికి, తర్వాత తన నుదుటికి, తర్వాత పసుపు రాసిన గడపకు. అదయ్యాక పూలబుట్ట ముందేసుకుని దండలు కట్టేది. వీధిలో ఏడిళ్ళకు పూజపూలు ఆమే ఇచ్చేది. ఇంటికి వచ్చిన ఆడవాళ్ళెవరినీ బొట్టు పెట్టకుండా పంపేది కాదు.

మనుషుల తీరు నాకు అప్పుడే కొంత తెలిసింది. వాళ్ళు దేనికైనా బొట్టు పెడతారు. కొత్త గ్యాసు పొయ్యికి పెట్టారు, టీవీకి పెట్టారు, ఎవరో ఒకాయన కొత్త నీళ్ళ మోటారుకు పెట్టడానికి నన్ను అరువు పట్టుకెళ్ళాడు. కనబడిన ప్రతి వస్తువులోనూ అమ్మవారిని చూడగల మనసు వాళ్ళది. ఆ చూపు ఎక్కడ ఆగిపోతుందో మాత్రం అప్పటికి నాకు తెలియదు.

పదకొండో ఏట దేముడికి జ్వరం వచ్చింది. మొదటి రెండు రోజులు బిళ్ళలు వేసుకుని ఆటో తోలాడు. నాలుగో రోజు ఆస్పత్రిలో పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో నూకరత్నం, దేముడి తల్లి పైడమ్మ, తమ్ముడు అప్పలరాజు మిగిలారు.

పదో రోజున దేముడి అక్క సన్యాసమ్మ చోడవరం నుంచి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. తమ్ముడి కోసం గుండె పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే మరదలి చేతి గాజులు చిట్లగొట్టింది, తడిగుడ్డతో నుదురు తుడిచింది. తర్వాత గూట్లో ఉన్న నన్ను చూసి, "ఇంకా ఇదెందుకమ్మా ఇక్కడ? ఏట్లో పడెయ్యండి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. నూకరత్నం నా వైపు చూసింది.

పైడమ్మ లేచి, "నాను పడేస్తాను" అని నన్ను కొంగున ముడివేసుకుని బయలుదేరింది. ఏటి ఒడ్డున చాలాసేపు కూర్చుంది. ముడి విప్పింది, మళ్ళీ వేసింది. పైడమ్మ మొగుడు పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆమె భరిణె కూడా అదే రేవులో పడిందని ఆ వేళ తనలో తను అనుకుంటుంటే విన్నాను. నీళ్ళలో కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చి, నన్ను పాత చీరలో చుట్టి తన ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. అడిగినవాళ్ళకు పడేశానని చెప్పింది. నాకు తెలిసి ఆ ముసలామె ఆడిన అబద్ధం అదొక్కటే.

ఏడు నెలలు ఆ చీకట్లో ఉన్నాను. కర్పూరం వాసన లేదు, దీపం వేడి లేదు. పెట్టె బయట నూకరత్నం నడిచే చప్పుడు వినబడేది. దండలు కడుతూనే ఉందని పూల వాసన చెప్పేది. కట్టిన దండలు మాత్రం అప్పలరాజు చేత పంపేది. పొద్దున్నే ఆమె ఎదురు రావడం ఇళ్ళవాళ్ళకు ఇష్టం లేదట.

దసరా వచ్చింది. అన్న ఆటోను అప్పలరాజు నడుపుతున్నాడు. ఆయుధ పూజకని దాన్ని కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పండక్కి సన్యాసమ్మ కూడా వచ్చి ఉంది. అంతా సిద్ధమయ్యాక, "అమ్మా, కుంకం ఏదీ?" అన్నాడు.

ఆ ఇంట్లో కుంకుమ లేదు.

"కొట్టుకెల్లి పొట్లం తెచ్చుకోరా" అంది సన్యాసమ్మ. అంతలో పైడమ్మ లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి నన్ను తెచ్చింది. మరిచిపోయి తెచ్చిందో, కావాలని తెచ్చిందో నాకు తెలియదు.

"అదేటమ్మా, ఏట్లో పడేసినానన్నావు?" అంది సన్యాసమ్మ.

"పడెయ్యబుద్ధి కాలేదు" అంది పైడమ్మ.

అప్పలరాజు నన్ను తీసుకుని ఆటోకు బొట్లు పెట్టాడు. ముందు అద్దానికి, లైటుకు, హ్యాండిలుకు, మూడు చక్రాలకు. హారన్‌కు కూడా ఒకటి పెట్టాడు. గుమ్మంలో నిలబడి నూకరత్నం అంతా చూసింది. తర్వాత మెట్టు దిగి ఆటో దగ్గరకు వచ్చింది.

"అప్పలరాజూ, ఈ ఆటో ఎవల్దిరా?"

"అన్నది, వదినా."

"అన్న ఉన్నాడా?"

"అదేటి వదినా, అలాగడుగుతావు?"

"తోలినోడు పోయినా ఆటోకి బొట్టుంది. హారనుకి కూడా ఉంది. నాకెందుకు లేదు?"

సన్యాసమ్మ ముందుకు వచ్చింది. "ఇనుముకీ మనిషికీ పోలికేటే? ఊరు ఏటంటాది?"

"పోలిక లేదు వదినా. నాకు పానముంది, దానికి లేదు" అంది నూకరత్నం. గొంతు పెంచలేదు. "నాకు బొట్టు మొదట ఎట్టింది మా అమ్మ. పుట్టిన పదకొండో రోజున. మీ తమ్ముడు తర్వాతొచ్చాడు. ఆడితో ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఎట్టుకున్నాను. ఆడు పోయాడని దేవుడు నా ఇంట్లోంచి ఎల్లిపోయాడా? దీపం నానే ఎలిగిస్తన్నాను గదా?"

అప్పలరాజు చేతిలోంచి నన్ను తీసుకుంది. ఉంగరపు వేలు ముంచింది. పోట్లాటకు దిగినట్టు కాకుండా, రోజూ చేసే పని చేసినట్టు, రెండు కనుబొమల మధ్య గుండ్రంగా బొట్టు పెట్టుకుంది. ఏడు నెలల తర్వాత ఆ వేలి వెచ్చదనం నాకు తగిలింది. సన్యాసమ్మ మధ్యాహ్నం భోజనం చెయ్యకుండా చోడవరం బస్సెక్కింది.

ఆ తర్వాతి రోజులు తేలికగా గడవలేదు. ఏడిళ్ళలో నాలుగిళ్ళు పూలు మానేశాయి. ఎదురింటి కాసులమ్మ తన కోడలిని కిటికీ దగ్గర కూడా నిలబడనివ్వలేదు. కుళాయి దగ్గర నూకరత్నం బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. ఆమె జరిగిన బిందెల వైపు చూడకుండా తన నీళ్ళు తను పట్టుకునేది. పూలబుట్ట తీసుకెళ్ళి నూకాలమ్మ గుడి దగ్గర పెట్టుకుంది. గుడికి వచ్చేవాళ్ళు పూలు తాజాగా ఉన్నాయా అని చూస్తారు గాని అమ్మేదాని ఇంటి సంగతులు అడగరు. ఒక శుక్రవారం కాసులమ్మే హడావిడిగా వచ్చి, తల ఎత్తకుండా రెండు మూరలు కొనుక్కుని, అమ్మవారికి వేయించి, కళ్ళకద్దుకుని వెళ్ళింది. అమ్మవారు ఆ పూలు వద్దనలేదు.

మరుసటి శ్రావణంలో నూకరత్నం వరలక్ష్మీ వ్రతం చేస్తానంది. పైడమ్మ, "ఎవలొస్తారే?" అంది.

"పిలిస్తే గదా తెలుస్తాది, అత్తా."

నన్ను చేత్తో పట్టుకుని పేరంటానికి పిలవడానికి బయలుదేరింది. ఆ వేళ పద్నాలుగు గడపలు ఎక్కాం. కొందరు చూస్తామన్నారు. కొందరు ఇంట్లో లేమని లోపలి నుంచే చెప్పారు. కాసులమ్మ తలుపు మా మొహాన వేసింది. నూకరత్నం నా మూత తీసి, మూసిన ఆ తలుపుకే బొట్టు పెట్టి, "సాయంత్రం పేరంటానికి రండి" అని చెప్పి మెట్లు దిగింది. అంతకంటే మర్యాదగా ఎవరినీ పిలవగా నేను చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ ఎప్పుడూ పిలవని ఇళ్ళకు వెళ్ళింది. సాయంత్రం ముగ్గురు వచ్చారు. ముగ్గురూ మొగుళ్ళు పోయినవాళ్ళే.

చేపలమ్మే రామాయమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నానెంత తోమి నీళ్ళోసుకున్నా సేపల వాసన పోదమ్మా" అంది. "అమ్మవారిది సముద్రంలో పుట్టుకే గదా, రా అప్పా" అని సొంత అక్కను పిలిచినట్టు చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది నూకరత్నం.

మిషను కుట్టే సూరీడమ్మ, "నాకు బొట్టొద్దు, మనసొప్పట్లేదు. పసుపియ్యి" అంది. నూకరత్నం బలవంతం చెయ్యలేదు. కాళ్ళకు పసుపు రాసి, తలలో పూలు పెట్టింది.

రిటైరైన టీచరు విశాలాక్షి గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇరవై రెండేళ్ళయింది నూకరత్నం. చెయ్యి వణక్కుండా పెట్టు, వంకరొస్తే బాగుండదు" అన్నారు. నూకరత్నం చెయ్యి వణకలేదు. విశాలాక్షి గారి నుదురే కొంచెం వణికింది.

పైడమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నూకరత్నం నన్ను పట్టుకుని ఆమె ముందు కూర్చుంది.

"నాకెందుకే. ఎక్కడెట్టుకోవాలో కూడా మర్సిపోనాను."

"నుదురు ఎక్కడికీ పోలేదు గదత్తా."

ముసలామె కళ్ళు మూసుకుంది. బొట్టు పెట్టాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. తుడిచేసుకుంటుందేమోనని భయపడ్డాను. తుడుచుకోలేదు. నానబెట్టిన శనగలు తమలపాకుల్లో పెట్టి ముగ్గురికీ వాయనాలు ఇవ్వడం అయిపోయాక, పైడమ్మ వీధి అరుగు మీదికి వెళ్ళింది. కాసులమ్మ ఇంటికి ఎదురుగా, మొహం వీధికి పెట్టి, పొద్దు గుంకేదాకా కూర్చుంది.

రెండేళ్ళకు పైడమ్మ పోయింది. చివరి స్నానం చేయించేటప్పుడు సన్యాసమ్మ అలవాటుగా నుదురు తుడవబోతే అప్పలరాజు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనీ అప్పా, అమ్మ ఇష్టపడి ఎట్టుకుంది" అన్నాడు. సన్యాసమ్మ కాసేపు చూసి, చెదిరిన బొట్టును తనే సర్ది పెట్టింది. అలా ఉంటారు మనుషులు. వాళ్ళ మీద నాకున్న కోపం పూర్తిగా నిలవదు.

ఇప్పుడు నా రంగు అక్కడక్కడా వెలిసింది. అంచు దగ్గర చిన్న చీలిక ఉంది. కిందటి నెల విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పాత చేతిపనుల వస్తువులు సేకరించి ప్రదర్శనశాలలో పెడతాడట. నన్ను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇది పాత పద్ధతిలో వేసిన రంగు, అమ్మా. ఇంత నేర్పుగా ఇప్పుడు ఎవరూ చెయ్యట్లేదు. అద్దాల బీరువాలో పెట్టి కింద మీ పేరు రాయిస్తాం. మళ్ళీ ఎవరూ ముట్టుకోరు, చెక్కుచెదరదు" అన్నాడు.

ఎవరూ ముట్టుకోరట. ఆయన అది మంచిమాటగానే అన్నాడు.

"అది ఖాళీగా లేదండి, పన్లో ఉంది" అంది నూకరత్నం.

ఆయన నవ్వి ఇంకేదో చెప్పబోతుండగా గుమ్మం దగ్గర నీడ పడింది. ముప్పై ఏళ్ళు కూడా లేని అమ్మాయి. ఎవరో మాకు తెలియదు. చెప్పులు బయటే విడిచి, లోపలికి రావాలా వద్దా అని నిలబడిపోయింది. బోసి నుదురు, బోసి చేతులు.

"ఇక్కడ బొట్టెడతారంట గదా, అడిగితే" అంది, నేల చూస్తూ.

"అడక్కపోయినా ఎడతాను. రా అమ్మా, దీపం దగ్గర కూసో" అంది నూకరత్నం. ఆయన చేతిలోంచి నన్ను తీసుకుని మూత తీసింది.