ముగ్గు తొక్కిన టైరు

మెత్తగా ఉన్న టైరుని చూస్తే గురునాథరావుకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన ఉద్యోగమంతా పోర్టు యార్డులో డంపర్లకీ లారీలకీ టైర్లు చూడడంతోనే గడిచింది. గాలి తగ్గిన టైరు బరువు కింద నలిగి, వేడెక్కి, పేలితే ఏమవుతుందో కళ్ళారా చూశాడు. తన పక్కనే పని చేసే సింహాద్రిని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళిన రోజు నుంచీ ఆయనకి ఒకటే వేదం. టైరు గట్టిగా ఉండాలి, గాలి నిండుగా ఉండాలి, రాడ్డుతో కొడితే కంగుమని మోగాలి. మోగని బండిని గేటు దాటనిచ్చేవాడు కాదు, అది ఎవరి బండైనా సరే.

అలాంటి మనిషికి దేవుడు ఎలాంటి కూతుర్నిచ్చాడో చూడండి. నీలిమ మద్దిలపాలెంలో ఒక డిజైన్ ఆఫీసులో పని చేస్తుంది. ఆడపిల్ల ఉద్యోగం చేసి ఏం కొనుక్కుంటుంది? ఒక నగో, ఫ్లాటో అనుకుంటాం. ఈవిడ ఫైబర్ బాడీతో కట్టిన రెండు సీట్ల పసుపు రంగు కారు కొనుక్కొచ్చింది. బండి మొత్తం కలిపి ఏడువందల కిలోలు లేదు. నేలకి అంటుకుని ఉంటుంది, ఎక్కాలంటే గంగిరెద్దులా వంగాలి. రోజూ ఆఫీసుకి అదే. విజయనగరం అవతల ఎవరో కంపెనీవాళ్ళు బళ్ళ వేగం పరీక్షించడానికి వేసుకున్న ట్రాక్‌ని ఆదివారాలు బయటివాళ్ళకి ఇస్తున్నారట, అక్కడ తిప్పడానికీ అదే. ఆ మాట విన్న రోజు నుంచి గురునాథరావుకి అన్నం సయించడం లేదు.

ట్రాక్‌కి వెళ్ళే ముందురోజు కొత్త టైర్ల కోసం తండ్రీకూతుళ్ళు కంచరపాలెంలో ఎల్లాజీ షాపుకి వెళ్ళారు. ఎల్లాజీ గురునాథరావుకి పాత స్నేహితుడు. బావా అంటే బావా అనుకుంటారు. అతను మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చి వరసగా నిలబెట్టాడు.

మొదటిది దాదాపు నున్నగా ఉంది. మొక్కుబడికి నాలుగు గీతలున్నాయి.

"ఇది అచ్చంగా ట్రాక్‌ది కోడలా. రెండు రౌండ్లు తిరిగి వేడెక్కిందంటే జిగురే. పట్టుకుంటే ఒదల్దు," అన్నాడు ఎల్లాజీ.

"వానొస్తే?" అంది నీలిమ.

"వానొస్తే ఇంటికాడ కూకోవడమే."

గురునాథరావు ఆ మాటలేవీ వినడం లేదు. ఆయన చెయ్యి అప్పటికే మూడో టైరు మీద పడింది. సామాను మోసే వ్యాన్లకి వేసే టైరది. పక్కలు చెక్కలా ఉన్నాయి. వేలితో నొక్కితే వేలే నొప్పెట్టింది.

"ఇదీ టైరంటే. ఇది వేయించు తల్లీ. నువ్వు పీకి పందిరేసినా పేల్దు."

"అది ఒక్కోటీ టన్ను మోయడానికి పుట్టింది నాన్నా. నా బండి నాలుగు టైర్ల మీదా కలిపి టన్ను నేదు. నొక్కే బరువు నేకపోతే ఆ గట్టి రబ్బరు వేడెక్కదు. వేడెక్కకపోతే రోడ్డుని పట్టుకోదు. బ్రేకు కొడితే రాయి మీద రాయి జారినట్టు జారిపోద్ది."

"మరి ఈ నున్నటిది?"

"ట్రాక్ మీద బాగుంటాది. కానీ సోమవారం ఆఫీసుకెళ్ళాలి కదా. రేపు మా ఆఫీసు గ్రేసీని ఎక్కించుకోడానికి పోర్టు రోడ్డు మీదే పోవాలి. రోడ్డంతా బొగ్గుపొడి. పైన నాలుగు సినుకులు పడితే ఏటవుద్దో నీకు నాను సెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ రోడ్డు మీద మొదటి చినుకులకి ఎన్ని బళ్ళు పడ్డాయో ఆయనకి తెలుసు. నీలిమ మధ్య టైరు దగ్గర కూర్చుని రబ్బరుని గోటితో గీరింది. మెత్తటి రబ్బరు, లోతైన గీతలు. వాననీళ్ళు గీతల్లోంచి పోతాయి, ఎండలో రబ్బరు తొందరగా వేడెక్కుతుంది.

"ఇది వేసెయ్ మావయ్యా. ట్రాక్ మీద మిగతావాళ్ళ కంటే రెండు సెకన్లు వెనకపడతాను, పోనీ. తిరిగి ఇంటికి రావాలి కదా."

ఆ చివరి మాటకి గురునాథరావు మనసు కాస్త చల్లబడింది. వానొస్తే ట్రాక్ ఎక్కనని కూడా ఆయన అడక్కుండానే మాటిచ్చింది. అంతా బాగానే ఉండేది, గాలి దగ్గరికి వచ్చేదాకా.

"ముప్పై మూడు కొట్టేదా?" అన్నాడు ఎల్లాజీ గొట్టం పట్టుకుని.

"ఇరవై నాలుగు సాలు."

"ఓలమ్మా, ఇరవై నాలుగేటి! సైకిల్‌కి నయం!" అన్నాడు గురునాథరావు.

నీలిమ విసుక్కోలేదు. అరచెయ్యి బల్ల మీద ఆనించి చూపించింది. "తేలిక బండి నాన్నా. గాలి తగ్గిస్తే టైరు ఇలగ పరుచుకుని కూర్చుంటాది." చెయ్యి ముడిచి పిడికిలి ఆనించింది. "గాలి ఎక్కువైతే ఇలగ, మజ్జిలో గీత మీదే నిలబడుద్ది. నీ లారీ టైరుకి మోసే బరువుంది, దానికి గాలి కావాలి. దీనికి నేదు. అర్థమైందా?"

అర్థమైందని తల ఊపాడు. ఊపడం వేరు, నమ్మడం వేరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఒక్క మధ్యాహ్నంలో నాలుగో కాలు చూస్తాడా?

ఆదివారం తెల్లవారింది. కూర్మన్నపాలెంలో వాళ్ళ ఇంటి ముందు తారు రోడ్డు మీద పసుపు కారు నిలబడి ఉంది. పాలు తేవడానికని బయటికొచ్చిన గురునాథరావు గేటు పక్కనున్న రాడ్డు ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. చేతికి అలవాటైన పని. ముందు టైరు మీద కొట్టాడు.

దబ్.

రెండోది కొట్టాడు. దబ్. మూడోది, నాలుగోది, అన్నీ అదే చప్పుడు. ఇంత మెత్తటి టైర్ల మీద తన కూతురు ఎక్కడో ట్రాక్ మీద నూటయాభైలో తిరుగుతుందా? స్ట్రెచర్ మీంచి వేలాడిన సింహాద్రి చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. నీలిమ చెప్పిందంతా గుర్తుంది. కానీ భయం ఏ చదువు మాట విన్నది గనక? స్కూటర్ కోసం కొనుక్కున్న కాలి పంపు తెచ్చాడు. చెమటలు కారుతుంటే తొక్కాడు. కొట్టి చూసి, మళ్ళీ తొక్కాడు. నాలుగు టైర్లూ కంగుమని మోగాక గానీ ఆయన ఊపిరి ఆడలేదు. అమ్మయ్య, పిల్ల బతికింది అనుకున్నాడు. ఆ మాటే అనుకున్నాడు, పాపం.

ఆయన భార్య పైడితల్లి లేచి వాకిలి కడిగి కారు ముందు పెద్ద ముగ్గేసింది. కొత్త టైర్లంటే కొత్త బండి కిందే లెక్క ఆవిడకి. కొబ్బరికాయ కొట్టి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. నీలిమ అమ్మ పెట్టిన బొట్టు చెరుపుకోకుండా హెల్మెట్ పక్కన పడేసి వంగి ఎక్కింది.

"గాలి సూసుకున్నావేటే?" అంది పైడితల్లి.

"నిన్న సూసినదే కదమ్మా. ట్రాక్ దగ్గర మళ్ళీ సూస్తాను."

గురునాథరావు కాలి పంపుని గేటు వెనక్కి తోసేశాడు. నిమ్మకాయలు చిట్లాయి. కారు ముగ్గు మీంచి దొర్లి సందు మలుపు తిరిగిపోయింది.

పైడితల్లి దిష్టి నీళ్ళు పారబోసి లోపలికి వెళ్ళింది. ఆయన తల వంచుకుని గేటు వెయ్యబోయి ఆగిపోయాడు. తడి ముగ్గుపిండి టైర్లకి అంటుకుని నల్లటి తారు మీద తెల్లటి జాడ పడింది. అర అడుగు పైచిలుకు వెడల్పున్న టైరు అది. జాడ మాత్రం రెండు వేళ్ళ వెడల్పుంది. మధ్యలో ఒక్క గీత. అటూ ఇటూ ఏమీ లేదు, టైరు అంచులు నేలని తాకనే లేదు.

ఆ జాడ చదవడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. డంపరు టైరు అలాంటి గుర్తు వేస్తే ఎంతమంది కుర్రాళ్ళని తిట్టాడో! ఎవడ్రా ఇంత గాలి కొట్టింది, బండిని రోడ్డు మీద నిలబెడతావా, గాల్లో నిలబెడతావా అని. పిడికిలి బల్ల మీద ఆనించిన నీలిమ చెయ్యి గుర్తొచ్చింది.

అప్పుడే చెంప మీద ఒక చినుకు పడింది.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోకూడదని దానికి నేర్పింది ఎవరు? ఈయనే. ఏ మంచి బుద్ధి నేర్పినా అది ఇలాంటప్పుడే అడ్డం తిరుగుతుంది. "పైడీ, నాను ఎల్లొస్తాను," అని ఒక్క కేక వేసి స్కూటర్ తీశాడు. వెనక నుంచి "ఏటైనాదీ?" అని ఆవిడ అరుస్తూనే ఉంది.

గాజువాక దాటేసరికి చినుకులు జల్లయ్యాయి. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డులోకి తిరిగేసరికి రోడ్డంతా నల్లటి బురద పూత పూసినట్టుంది. స్కూటర్ వెనక చక్రం రెండుసార్లు పక్కకి జారింది. దారి పొడుగునా దేవుళ్ళకి మొక్కుతూనే ఉన్నాడు. తల్లీ పైడితల్లమ్మా, సింహాద్రప్పన్నా, దాన్ని మెల్లగా పోనీండి, నా చేతులు విరిగిపోయినా పర్లేదు, దాన్ని మెల్లగా పోనీండి. ఎదురుగా వచ్చే ప్రతి అంబులెన్సూ దానికోసమే అనిపించింది. నిజానికి వచ్చింది ఒక్కటే, అదీ ఖాళీది.

మలుపులో లారీలు ఆగి ఉన్నాయి. వాటి మధ్య పసుపు రంగు కనబడింది. కారు వచ్చిన వైపుకే మూతి పెట్టి, రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. దాని ముక్కుకి రెండడుగుల దూరంలో బొగ్గు లారీ బంపరు. డ్రైవరు కిందికి దిగి తలపట్టుకుని తిడుతున్నాడు. స్కూటర్ స్టాండు వేశాడో, అలా పడేశాడో తెలియదు, గురునాథరావు పరిగెత్తాడు.

నీలిమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో గాలి కొలిచే గేజి ఉంది.

"దెబ్బ తగిలిందా? ఎక్కడ? సెప్పవేటి!"

"నాకేటీ అవనేదు నాన్నా. గాజువాక కాడి నుంచే స్టీరింగ్ తేలిపోతంది. ఏదో తేడా ఉందని నలభైలోనే వచ్చాను. అయినా మలుపులో పట్టునేదు, గిర్రున తిరిగిపోనాది. ఈయన బ్రేకు కొట్టకపోతే..." లారీ వైపు చూసి మాట ఆపేసింది. గేజి ఎత్తి చూపించింది. "నలభై నాలుగు. నాలుగిట్లోనూ అంతే. ఎల్లాజీ మావయ్య గేజి తప్పు సూపించిందో ఏటో. తప్పు నాదే, పొద్దున్న మళ్ళీ సూసుకోవలసింది."

ఒక్కసారి తల ఊపితే చాలు. నిన్న ఊపినట్టే. ఎల్లాజీ గేజి పాడైపోయినట్టే, తప్పు కూతురిదైపోయినట్టే. వాన చప్పుడులో ఆయన గొంతు ఆయనకే వినబడలేదు.

"నానే కొట్టాను."

"ఏటి?"

"పొద్దున్న రాడ్డెట్టి కొట్టి సూసేను. మెత్తగా ఉన్నాయి. భయమేసింది. నానే కొట్టాను తల్లీ."

నీలిమ లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

"నిన్న అన్నీ సెప్పేను కదా నాన్నా. నీకు భయమైతే నాతో సెప్పాలి గానీ, ఆ భయమంతా అట్టుకెళ్ళి నా టైర్లలో కొట్టేస్తావేటి?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, వాననీళ్ళే అన్నట్టు.

లారీ డ్రైవరు సాయం పట్టి కారుని పక్కకి తోశాడు. నీలిమ గేజి తండ్రి చేతిలో పెట్టింది. "కొట్టినోడివే తియ్యి. కాస్త వేడి మీదున్నాయి, ఇరవై ఆరు కాడ ఆపు, సల్లారితే ఇరవై నాలుగుకొస్తాది."

బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన నాలుగు టైర్లలోంచీ గాలి వదిలాడు. బుస్సుమని పోతుంటే ప్రతిసారీ చెయ్యి వెనక్కి లాగింది. లాక్కోలేదు. టైరు పక్కలు నెమ్మదిగా ఉబ్బి నేల మీదకి ఆనుకున్నాయి. స్కూటర్ డిక్కీలోంచి స్పానర్ తెచ్చి టైరు మీద కొట్టాడు.

దబ్.

"బాగుంది," అన్నాడు. పళ్ళు బిగబట్టుకునే అన్నాడు.

"గ్రేసీ ఎదురుసూస్తంటాది. వాన తెగితే ట్రాక్ ఎక్కుతాను, తెగకపోతే సూసి వచ్చేస్తాను. నిన్న సెప్పినట్టే. ఎల్లనా?"

వద్దు, ఇంటికొచ్చెయ్ అన్న మాట నాలుక మీదే ఉంది. ఆ మాట దాటి బయటికొచ్చింది ఇంకోటి.

"ఎల్లు. మెల్లగా ఎల్లు."

కారు కదిలింది. నల్లటి తడి రోడ్డు మీద దాని వెనక జాడ పడింది, అంచు నుంచి అంచు దాకా, గీతలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. బొగ్గు లారీ కదిలి దాని మీంచి వెళ్ళిపోయేదాకా గురునాథరావు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పడిపోయి ఉన్న స్కూటర్ని లేపుకుని, పైడితల్లికి ఫోన్ చేశాడు.

"పిల్లకేటీ అవనేదు. టైర్లు మంచివే ఏరుకుంది," అన్నాడు.