పక్కవాడి వేలిముద్ర

విమలమ్మకు మామగారి మీద ఫిర్యాదు ఉంది. మనిషి పోయి పద్నాలుగేళ్లయినా కోడలి చేత చాకిరీ చేయించుకోవడం మానలేదు. బతికున్నప్పుడు రోజుకు మూడుసార్లు టీ. ఇప్పుడు ఎమ్మార్వో ఆఫీసు వరండాలో నిలబడి, “తవిటయ్య నిజంగా సిపాయేనా, వంటవాడా?” అని అడిగే గుమస్తాకు జవాబు చెప్పడం.

సిపాయే. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడుగురికీ కలిపి దువ్వాడ దగ్గర సర్కారు మెట్టనేల పట్టా ఇచ్చింది. తుప్పలు కొట్టి ఏడిళ్లు వేసుకున్నారు. సిపాయిపేట అని పేరు పడింది. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చి నేలకు ధర పలికేదాకా ఆ ఏడుగురి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

2003 వేసవిలో వచ్చింది. లేఅవుట్ కంట్రాక్టరు మనుషులు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే, పక్కింటి కాసులమ్మ వంటింటి గడపలో సర్వేరాయి పాతారు. అడ్డం పడ్డ కాసులమ్మను జుట్టు పట్టి పక్కకు ఈడ్చారు. విమలమ్మ కళ్లారా చూసింది.

ఎమ్మార్వో తేల్చేశాడు. రిజిస్టరులో ‘ఒకే దళానికి చెందిన తవిటయ్య, మరి ఆరుగురు మాజీ సైనికులు’ అని ఉంది. ఆరుగురి పేర్లున్న పేజీ లేదు. కాబట్టి తవిటయ్య వారసులు ఉండొచ్చు. తక్కినవాళ్లు సోమవారానికి ఖాళీ చెయ్యాలి.

విమలమ్మ భర్త జ్ఞానశేఖర్ ఫ్యాక్టరీలో యూనియన్ నాయకుడు. గేటు మీటింగుల్లో ఆయనకు మైకు దండగ. ఎమ్మార్వో ఆఫీసులో మాత్రం గొంతు లేవలేదు, పెన్ను లేచింది. ‘మా వాటా తప్ప తక్కిన భూమితో మాకు సంబంధం లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం ఇంకో సిపాయి కొడుకు ఎల్లారావు వాకిట్లో ఏడిళ్లవాళ్లూ కూడారు.

“ఏటన్నియ్యా, గేటు కాడ ‘అందరం ఒకటే’ అని అరిసేది నువ్వేనా, నీలాటోడు ఇంకోడున్నాడా?” అంది కాసులమ్మ.

“ముందు ఒక ఇల్లు నిలబడనివ్వండి. దాన్ని పట్టుకుని మిగతావాటికి పోరాడదాం” అన్నాడు జ్ఞానశేఖర్.

“మాం రోడ్డు మీన పడ్డాక నువ్వు డాబా ఎక్కి పోరాడతావేటి బావా?” అన్నాడు ఎల్లారావు.



మర్నాడు విమలమ్మ అత్తగారి రేకుపెట్టె తెరిచింది. అడుగున బైబిలు, బైబిల్లో మామగారి పింఛను పుస్తకం. మనిషి పోయాక దాన్ని సర్కారుకు తిరిగిచ్చెయ్యాలి. పది ఆజ్ఞలూ పాటించిన అత్తగారు ఈ పదకొండోదాన్ని మాత్రం పాటించలేదు.

ప్రతి నెలా తవిటయ్య వేలిముద్ర. దాని కింద ఇంకో వేలిముద్ర. ‘ఇతడు తవిటయ్యేనని గుర్తించితిని. గురువులు, మాజీ సిపాయి.’

గురువులు కాసులమ్మ మామ. అక్షరం రాని సిపాయిని గుర్తుపట్టడానికి ఇంకో సిపాయి కావాలి. అందుకే ఒకటో తారీకున ఏడుగురూ కలిసే ట్రెజరీకి వెళ్లేవారు. విమలమ్మ స్టవ్ ఆపి కాసులమ్మ ఇంటికి పరుగెత్తింది. దూలం సందులోంచి గురువులు పుస్తకం దిగింది. అందులో సాక్షి ఎల్లారావు తండ్రి. అలా ఇల్లిల్లూ తిరిగితే ఏడు పుస్తకాలు దొరికాయి. ఏడింటి మీదా ఒకే దళం పేరు. ఏడోదానిలో సాక్షి తవిటయ్య. ఎవడి మాటా వాడి పుస్తకంలో చెల్లలేదు. పక్కవాడి వేలితోనే ఏడుగురూ సిపాయిలయ్యారు.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది, వెనక పోలీసు వ్యాను. ఆడవాళ్లు కాసులమ్మ గడపకు అడ్డంగా కూర్చున్నారు. షిఫ్టు దిగిన కార్మికులు రోడ్డు మీద ఆగి చూస్తున్నారు. విమలమ్మ ఏడు పుస్తకాలూ ఎమ్మార్వో జీపు బానెట్ మీద పరిచింది.

ఎమ్మార్వో తవిటయ్యదొక్కటే తీశాడు. “ఇది చాలు. మీ ఇల్లు మీది. మిగతావి చెల్లవు.”

“అందులో సాక్షి పేరు చదవండి సార్. గురువులు సిపాయి కాకపోతే మా మామగారూ కారు. మా ఇల్లూ కూల్చండి.”

“మీ ఆయన సంతకం పెట్టాడమ్మా. చదువుకున్నవాడు.”

“అదే వచ్చిన చిక్కు సార్. వేలిముద్ర వేసేవాడైతే పక్కవాణ్ణి తోడు తీసుకెళ్లేవాడు.”

ఎమ్మార్వో సైగ చేశాడు. పోలీసులు విమలమ్మనూ కాసులమ్మనూ రెక్కలు పట్టి వ్యానులో పడేశారు. పొక్లెయిన్ చెయ్యి పైకి లేచింది.

అంతవరకూ తన గేటు పట్టుకుని నిలబడ్డ జ్ఞానశేఖర్ ఒక్క ఉదుటున వచ్చి దాని కింద నిలబడ్డాడు.

“తప్పు సేసాను” అని నేల చూస్తూ గొణిగాడు.

వ్యాను కిటికీ జాలీలోంచి విమలమ్మ కేకేసింది. “గట్టిగా చెప్పండి! రోడ్డు మీద వాళ్లకి వినపడలేదు!”

జ్ఞానశేఖర్ కార్మికుల వైపు తిరిగాడు. “నాను తప్పు సేసాను! నా ఇల్లొకటీ మిగిల్తే సాలనుకున్నాను. ఆ సంతకం ఎనక్కి తీసుకుంతన్నాను. కాసులమ్మా, తప్పు నాదేనమ్మా!”

ఈసారి వినపడింది. రోడ్డు మీద వాళ్లు సైకిళ్లు పడేసి లోపలికి నడిచారు.