బీరయ్య కొట్టం మీది మబ్బు

లాల్‌దర్వాజా వెనక సందులో బీరయ్య బర్రెల కొట్టం మీద ఒక మబ్బు ఉంటుంది. నాలుగు మంచాలు కలిపి వేసినంత ఉంటుంది. బీరయ్య తాత కాలం నుంచీ అక్కడే ఉంది. కేబుల్ వాళ్లు వైరును దాని పక్కనుంచి తిప్పి లాగారు. పతంగులు చిక్కుకుంటే పిల్లలు కట్టెతో పొడిచి తీసుకుంటారు. వడియాలు పెట్టుకున్న ఆడవాళ్లు చేయి ఊపి కసిరితే కాస్త పక్కకు జరుగుతుంది. వాన కురవడం మాత్రం దానికి చేతకాదు. ఎండాకాలం పదకొండు బర్రెలు దాని నీడలో నెమరు వేసుకుంటూ నిలబడేవి. బీరయ్య పాలు పిండి క్యాన్లు నింపితే, కూతురు తనూజ స్కూటర్ మీద పురానాపూల్ దాకా పోసి వచ్చేది.

పశువుల వైద్యంలో బీరయ్యకు మంచి పేరుంది. ఆ పేరును అందరికంటే ఎక్కువ నమ్మింది ఆయనే. మాఘమాసంలో తనూజకు జ్వరం, విరేచనాలు పట్టుకుంటే, బర్రెలకు వేసే సల్ఫా గోలీని పావు ముక్క విరిచి బెల్లంలో పెట్టి ఇచ్చాడు.

"గింత పెద్ద బర్రెనే లేచి నిలబడతది, నువ్వు లేవవా బిడ్డా?"

మూడు రోజులు ఇచ్చాడు. నాలుగో రోజు ఆమె లేచి స్కూటర్ తీసింది కూడా. వారం తిరగ్గానే నోరంతా పుండ్లు పడ్డాయి, ఒళ్లు బొబ్బలెక్కి కాలినట్టు తోలు ఊడింది, కళ్లు అతుక్కుపోయాయి.

ఏం మందు వేశారని ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ అడిగితే, బీరయ్య జేబులోంచి బర్రెల గోలీ కాగితం తీసి బల్ల మీద పెట్టి తల వంచుకున్నాడు. తిట్లు పడతాయనుకున్నాడు. ఆమె ఆ మందు పేరు ఒక కార్డు మీద రాసింది.

"ఇది జన్మలో ఈ అమ్మాయి నోట్లో పడకూడదు. కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి. కాగితం తెచ్చి మంచి పని చేశావు పెద్దాయనా."

ఆ రోజే కంటి డాక్టర్ వచ్చి, ఎవరో తల్లి కాన్పు తర్వాత ఇచ్చిన మాయ పొరను తనూజ కళ్లకు కప్పాడు. బర్రె ఈనినప్పుడల్లా మాయను గుంత తీసి పూడ్చే బీరయ్య, పేరు తెలియని ఆ తల్లికి మనసులో వంద దండాలు పెట్టుకున్నాడు.

తోలు మళ్లీ వచ్చింది. కళ్లే మొండికేశాయి. కన్నీళ్లు ఊరడం ఆగిపోయింది. రెప్పల లోపలి అంచు గరుకుదేలి, రెప్ప వేసినప్పుడల్లా నల్లగుడ్డును గీకుతోంది.

"పెదవి లోపలి మెత్తని పొర తీసి రెప్ప అంచుకు కుట్టాలి. అది మానాక నీళ్లు నింపి పెట్టే పెద్ద లెన్సులు ఇస్తాం. ఆలస్యం చేస్తే గుడ్డు తెల్లబడిపోతుంది" అన్నాడు కంటి డాక్టర్ రవీందర్.

తనూజ గడప దాటితే కదా! ఏప్రిల్ ఎండ కళ్లలో కారం కొట్టినట్టు పడేది. కిటికీకి కంబళి కట్టుకుని చీకట్లో కూర్చుంటే, తల్లి బుచ్చమ్మ గంటగంటకూ చుక్కలమందు వేసేది. రెండుసార్లు ఆటో వచ్చి ఉత్తదే తిరిగిపోయింది.

"నాతోని కాదు బాపు. ఉన్న చూపు ఉన్నన్ని దినాలుంటది" అంది తనూజ.

ఇంక వాయిదా వేస్తే తన చేతుల్లో ఉండదని డాక్టర్ ఫోన్ చేశాడు. ఆ పొద్దున బీరయ్య కొట్టంలోకి పోయి పైకి చూశాడు.

"తప్పు నాది. బర్రెలు పదకొండున్నయి, బిడ్డ ఒక్కతే. జర ఆమె ఎంబడి వస్తవా?"

మబ్బు ఏమీ అనలేదు. అనడం దానికి అలవాటు లేదు. మెల్లగా ఇంటి ముందుకు జరిగి, రేకుల అంచు దాకా దిగి నిలబడింది. తనూజ గోడ తడుముకుంటూ బయటికొచ్చింది.

"సల్లగున్నది బాపు" అంది.

ఆటో డానియేలుది. "పురానాపూల్ కాడ గాలి జోరుంటదన్నా. మెల్లగ పోత, మబ్బు వెనకబడితే చెప్పు" అన్నాడు. సిగ్నల్ దగ్గర బండ్లవాళ్లంతా ఆ నీడలోకి దూరారు. "భాయ్, జరా ఆగే లేవ్" అంటూ వెనక బండాయన మబ్బును కాస్త ముందుకు తెమ్మన్నాడు.

ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి. చూపించుకోవడానికి పోయినప్పుడల్లా మబ్బు ఆసుపత్రి గేటు దగ్గర కాచుకునేది. వాచ్‌మన్ దానికి కార్లు ఆగని మూల చూపించాడు. ఇక్కడ కొట్టంలో ఎండకు పాలు సగానికి పడిపోయాయి. అయినా ఒక్కరూ లొల్లి పెట్టలేదు. పక్కింటి ఆగమ్మ ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు పోగుచేసి బర్రెలకు పందిరి కట్టించింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక బీరయ్య అందరికీ పెట్టాడు.

జూన్ మొదట్లో, వానలింకా పడకముందు, లెన్సులు వచ్చాయి. నర్సు వాటిలో నీళ్లు నింపి, తనూజను తల వంచమని, ఒక్కొక్కటే కంటికి ఆనించి పెట్టింది. తనూజ ఒకసారి రెప్ప వేసింది. మళ్లీ వేసింది. ఏదీ గీకలేదు. ఎదురుగా ఉన్న మనిషిని చాలాసేపు చూసింది.

"బాపూ, నీ మీసం గింత తెల్లగెప్పుడైంది?"

బీరయ్య బల్ల మీద కూలబడి బావురుమన్నాడు. తనూజ తండ్రి తల నిమిరింది.

"ఏడువు బాపు. నాకు నీళ్లు రావు. నా వంతుది గూడ నువ్వే ఏడువు."

బయట మిట్టమధ్యాహ్నం. మబ్బు మెట్ల దాకా దిగింది. అదే మెట్ల మీద ఒకామె తడిగుడ్డ మొహానికి కప్పుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని ఆగిపోయి ఉంది. చేతుల మీద తనూజకున్నట్టే నల్లటి మచ్చలు. ఒక్క మెట్టు కూడా దిగలేకపోతోంది.

మబ్బు అటు కాస్త, ఇటు కాస్త ఊగింది. తనూజ నల్లద్దాలు పెట్టుకుని నీడలోంచి ఎండలోకి అడుగేసింది. కళ్లు కాస్త చురుక్కుమన్నాయి, అంతే. మబ్బు తన వెంటే జరగబోతే, వడియాల దగ్గర ఆడవాళ్లు కసిరినట్టు చేయి ఊపింది.

"బిడ్డా, కొట్టం..." అన్నాడు బీరయ్య.

"చీరలున్నయి కద బాపు."

బీరయ్య మబ్బుకు మెట్ల వైపు చేయి చూపించాడు. మబ్బు తడిగుడ్డ కప్పుకున్న ఆమె మీదికి పోయి నిలబడింది. చల్లదనం తగలగానే ఆమె మొహం పైకెత్తింది.

"వాన పడతదా?" అంది.

"పడదక్కా" అంది తనూజ దగ్గరికి పోయి. "గుడ్డ తియ్యి. కండ్లు తెరువు."

ఆమె తెరిచింది.