చింతచెట్ల మీద పద్నాలుగు మంది

లాల్ బాషా మామ చెట్టు కింద పడి ఉన్నాడు. నడుము విరిగిందని చూడగానే తెలిసింది మాకు. గుత్తేదారు ఫణికుమార్ జీపు కూడా దిగలేదు. "తాగి ఎక్కినాడు నాకొడుకు. పక్కకు జరిపి పని కానియ్యండి" అన్నాడు.

తాగడమా? ఐదు పూటలా నమాజు చేసే మనిషి! జమ్మలమడుగు రోడ్డు పక్క చింతచెట్లను వేలంలో పాడుకున్నది ఫణికుమార్. ఎక్కి కాయ దులిపేది మామ కాక మేం పద్నాలుగు మందిమి. మాకు చెట్టెక్కడం నేర్పింది లాల్ బాషా మామే. "చేతులతో గుంజుకోవద్దప్పా, తొడల బలంతో ఎక్కల్ల. నడుముకు మోకు కట్టల్ల. కాలు వణికితే కొమ్మల పంగలో కూచోని దమ్ము తీసుకోల్ల" అనేవాడు. ఒక చెట్టు దులిపాక చెమట ఆరేదాకా రెండోది ముట్టేవాడు కాదు.

ఈ ఏడు మనిషికి రోజుకు ఆరు చెట్లన్నాడు గుత్తేదారు. తాడు కడితే పొద్దు పోతుందని మా మోకులన్నీ లాక్కుని లారీలో వేయించాడు. మరి మేమేం చేశాం? సిగ్గు విడిచి చెప్తున్నాను. ఉత్త చేతులతో ఎక్కడమే మగతనమని మీసాలు తిప్పాం. మామ ఒక్కడే మోకు ఇవ్వనన్నాడు. "ముసిలోనికి బయం పుట్టింది" అని అందరి ముందూ నవ్వింది నేనే. ఆ మాటకే మామ మోకు ఇచ్చేసి ఎక్కాడు. ఐదో చెట్టు మీద ఆయన కాలు వణికింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నాం.

"మోకు లేకుండా రేపు ఎవురూ కాయ దులిపేది లేదు" అన్నాను.

"పులివెందుల నుంచి వేరేవోళ్లను తెస్తాడు" అన్నాడు హబీబుల్లా.

"తేనీ. ఇంగ దులపాల్సినవి పద్నాలుగు చెట్లే గదా. వాటి మీద మీరుంటే వాళ్లు యాడెక్కుతారు?" అంది కాయలేరే మస్తానమ్మ.

పొద్దున్నే ఇళ్లలోని బావితాళ్లు తెచ్చుకున్నాం. తలా ఒక చెట్టెక్కి, నడుముకు కట్టుకుని పంగల్లో కూర్చున్నాం. ఫణికుమార్ పోలీసులను పిలిపించాడు. పులివెందుల నుంచి లారీలో ఇరవై మందిని దింపాడు.

"దిగండ్రా, కేసు పెడతా" అన్నాడు ఎస్సై.

"మోకు ఇయ్యల్ల. చెట్టుకు చెట్టుకు నడుమ దమ్ము ఇయ్యల్ల. అప్పుడు దిగుతాం" అని పైనుంచి అరిచాం. పులివెందుల వాళ్లు మా మాట విని నీడలో కూలబడ్డారు.

మధ్యాహ్నం ఆటోలో మామ భార్య ఖమ్రున్నీసా వచ్చింది. "మీ మామ పోయినాడు" అంది. అంతే, నా చేతులు వాటంతటవే ముడి విప్పుతున్నాయి.

"సావుకు పోండప్పా. ఎవురొద్దన్నారు?" అన్నాడు ఫణికుమార్, ఎంతో జాలిగా. ఖమ్రున్నీసా వాడి ముఖం చూసింది, చెట్లు ఎక్కడానికి వచ్చిన ఇరవై మందినీ చూసింది.

"జనాజా మోసేదానికి నలుగురు సాలు. నలుగురే దిగండి" అంది.

"నేను మోస్తా అత్తా. నా మాటకే గదా ఆయప్ప..."

"తెలుసు. అందుకే నువ్వు దిగొద్దు."

హబీబుల్లా, ఇంకో ముగ్గురు దిగి ఆమె వెంట వెళ్లారు. ఫణికుమార్ ఖాళీ చెట్లు నాలుగూ చూపించి, ఎక్కి దులపమని పులివెందుల వాళ్లను తరిమాడు. వాళ్లలో నలుగురు లేచారు. హబీబుల్లా వాళ్లు వదిలిన తాళ్లు పట్టుకుని నిదానంగా ఎక్కారు. ఎక్కి, నడుముకు కట్టుకుని, మాలాగే కూర్చున్నారు.

ఎస్సై నా చెట్టుకు నిచ్చెన వేయించాడు. నేను కొమ్మను కరుచుకుని ఏడ్చాను. దిగలేదు.