డబ్బా రాని అయిదు రోజులు

"మీ ఇంట్లో ఎవరైనా పస్తున్నారా బెన్?" అని అక్కని అడిగినట్టు అడిగాడు భోజనం డబ్బాల కంపెనీ చంద్రేశ్ భాయ్.

ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పెనం మీద ఖాఖరా రొట్టెని గుడ్డతో అదుముతున్నాను. "ఉన్నాను, నేనే," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "మీరు ఎనిమిది రోజుల అఠాయి చేశారు కదా! అది పస్తెలా అవుతుంది, తపస్సు! నేనడిగేది మా భోజనం రానందువల్ల ఎవరైనా తినకుండా ఉన్నారా అని."

"లేదు. నేను వండాను."

"మరింకేం! నష్టమేం లేదుగా. వచ్చే ఏడు పర్యూషణ్ పండక్కి రెండ్రోజులు ఉచితంగా పంపిస్తాలెండి. సుఖంగా, శాతాగా ఉండండి బెన్." ఫోన్ పెట్టేశాడు.

ఖాఖరా ఒక పక్క మాడింది. మాడినదాన్ని నా వాటా కింద పక్కన పెట్టి ఇంకోటి వేశాను. నష్టమేం లేదు. ఆ మాట పెనం ముందు నిలబడి చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆయన అబద్ధమాడలేదు. మా ఆయన విపిన్ రోజూ తిన్నారు, అత్తగారు బా తిన్నారు, మా అబ్బాయి కుంజన్ తిన్నాడు. ముగ్గురి కంచాలూ వేళకి నిండాయి. కంపెనీ మనిషి రాకపోయినా నిండాయి కాబట్టి ఆ మనిషి రాలేదన్న సంగతే ఎక్కడా మిగల్లేదు. నేను మధ్యలో లేకపోతే బాగా మిగిలేది.

పెళ్ళై ఇరవై రెండేళ్ళు. పర్యూషణ్ ఎనిమిది రోజులూ వేణ్ణీళ్ళు కాచి చల్లార్చుకుని, అవి మాత్రమే, అదీ పగటిపూటే తాగుతూ అఠాయి చెయ్యాలని నాకు కొత్త కోడలిగా ఉన్నప్పటి నుంచీ కోరిక. మా పాల్డీ వీధిలో ఏటా ముగ్గురో నలుగురో చేస్తారు. వాళ్ళని పూలబండి మీద ఊరేగిస్తారు, ఇంటికి వచ్చి పాటలు పాడతారు, కాళ్ళకి మొక్కుతారు. నాకు కావలసింది అది కాదని ఎవరికీ చెప్పలేదు. నాకు కూర్చోవాలని ఉండేది. పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, సాధ్వులు బస చేసే ఉపాశ్రయానికి వెళ్ళి, ఉన్ని ఆసనం పరుచుకుని, సాధ్వీజీ చెప్పే కల్పసూత్రం వింటూ, ఒక సామాయికం ధ్యానం తర్వాత ఇంకో సామాయికం, గడియారం చూడకుండా. కుక్కర్ కూతలు లెక్కపెట్టకుండా. "చెయ్యి, ఎవరు వద్దన్నారు?" అనేవారు మా ఆయన ప్రతి ఏడూ. నిజంగానే అనేవారు, ఆయన చెడ్డమనిషి కాదు. బా మాత్రం "మా రోజుల్లో ఉపవాసం ఉంటూనే ఇరవై మందికి వండి వార్చాం. ఇప్పటి వాళ్ళకి ఉపవాసమంటే మంచమెక్కడం" అనేది. ఈ ఏడు నేను ఖాఖరాలు అమ్మి దాచుకున్న డబ్బుతో, ఇంట్లో ఎవర్నీ అడక్కుండా, ఏడు రోజులకి రెండు పూటలా డబ్బా మాట్లాడుకున్నాను. ఎనిమిదోరోజు, సంవత్సరి నాడు, ఎలాగూ ఇంటిల్లిపాదీ ఉపవాసమే. కంపెనీ కాగితం మీద 'శుద్ధ జైన భోజనం, సూర్యుడు దిగకముందే మీ గడపలో' అని ఉంది. ముందే మొత్తం కట్టమన్నారు, కట్టాను.

రెండు రోజులు బాగా వచ్చింది. ఆ రెండు రోజులూ నేను ఏం చేశానని ఎవరైనా అడిగితే చెప్పడానికేం లేదు. కూర్చున్నాను, అంతే. మూడోరోజు వ్యాఖ్యానం మధ్యలో కుంజన్ ఫోన్. "మమ్మీ, డబ్బా రాలేదు. బా అడుగుతోంది." కంపెనీ నంబరు మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యరు. "బయట్నుంచి తెప్పించనా?" అన్నాడు వాడు. పర్యూషణ్‌లో బా బయటి అన్నం ముట్టదు. ఈలోగా మా ఆయన ఫోన్ అందుకున్నారు. "నువ్వేం కంగారుపడకు. ఓ ఖిచిడీ పడేస్తే చాలు, పది నిమిషాల పని." పడేసేది ఎవరో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మా ఇద్దరికీ కనిపించలేదు. ఆసనం మడిచి లేచాను.

అలా అయిదు రోజులు. రేపు వస్తుందేమో అని రోజూ అనుకున్నాను. ఆకుకూరలు, కాయగూరలు మానేసే రోజులు కాబట్టి పప్పులు, కఢీ, అప్పడాల కూర, ఏదో ఒకటి ఆలోచించాలి. చీకటి పడ్డాక తినం కాబట్టి, సాయంత్రం అయిదింటికి మొదలుపెడితే గానీ సూర్యుడు దిగేలోగా ముగ్గురి భోజనం అయ్యేది కాదు. అప్పటికి గిన్నెలు తోమి పరుగెత్తితే సాయంత్రపు ప్రతిక్రమణ ప్రార్థనలో చివరి వరసలో చోటు దొరికేది. అయిదోరోజు మహావీరస్వామి జన్మవృత్తాంతం చదివే రోజు. అందరూ అక్షింతలు చల్లుతారు, కొబ్బరికాయలు కొడతారు, ఉయ్యాల ఊపుతారు. ఆ బాజాలు నాకు వంటింటి కిటికీలోంచి వినపడ్డాయి. ఆవాల పోపు వేస్తున్నాను. అయిదు రోజుల ఖాళీ కడుపుకి పోపువాసన ఆకలి పుట్టించదు, కళ్ళు తిరిగేలా చేస్తుంది. గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆరోజు భోజనాల దగ్గర మా ఆయన "కఢీలో ఉప్పు తక్కువైంది. రుచి చూడలేదా?" అన్నారు. మళ్ళీ ఆయనే నుదురు కొట్టుకుని "అరె, నువ్వు ఉపవాసం కదూ! మర్చేపోయాను" అని నవ్వారు. కుంజన్ నవ్వాడు. నేనూ నవ్వాననే గుర్తు.

తొమ్మిదోరోజు పారణ, ఉపవాసం విడవడం. నలభై మంది బంధువులు వచ్చి పెసరకట్టు నీళ్ళు తలా చెంచా నా నోట్లో పోశారు. "అఠాయి చేస్తూ ఇంట్లోవాళ్ళకి ఒక్కపూట లోటు రానివ్వలేదు మా ప్రజ్ఞ" అని బా అందరికీ చెప్పింది. నన్ను పొగడటం ఆవిడకి అదే మొదటిసారి. మా ఆయన నా పక్కన నిలబడి నమస్కారాలు అందుకున్నారు. నాకు మాత్రం చెంచా కోసం నోరు తెరిచిన ప్రతిసారీ ఒకటే అనిపించింది: నేను ఉపవాసం ఉన్నాను గానీ, కూర్చోలేదు.

అందుకే డబ్బు వెనక్కి అడిగాను. డబ్బుతో ఏదో కొనాలని కాదు. ఆ అయిదు రోజులు నాకు రావాల్సినవి రాలేదని, ఎవరో ఒకరు ఒప్పుకోవాలని.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు చంద్రేశ్ భాయ్ ఇంకో మాట అందుకున్నాడు. "బెన్, మీరు నన్ను క్షమించారు కదా! మీ మెసేజ్ నా దగ్గరుంది." నిజమే. సంవత్సరి సాయంత్రం లోకంలో ఎవరికి ఏ నొప్పి కలిగించినా మన్నించమని అందరమూ అందరికీ 'మిచ్ఛామి దుక్కడం' పంపుకుంటాం. కంపెనీ వాళ్ళూ ఖాతాదారులందరికీ పంపారు. నేను వరసగా అందరికీ తిరిగి పంపుతూ వాళ్ళకీ చేతులు జోడించాను. గ్యాస్ కంపెనీకి, కుంజన్ ట్యూషన్ సెంటర్‌కి కూడా పంపాను.

"చూశావా," అన్నారు మా ఆయన, సోఫాలో కాళ్ళు ముడుచుకుని. "క్షమించేశాక మళ్ళీ బాకీ ఏమిటి? చేసిన తపస్సంతా కోపంలో పోసుకుంటావా?"

"కోపం లేదు."

"లేకపోతే వదిలెయ్. ఎంత డబ్బని! నేనిస్తాను తీసుకో."

"మీరెందుకిస్తారు? డబ్బా ఎగ్గొట్టింది మీరు కాదుగా," అన్నాను. ఆయన టీవీ గొంతు పెంచారు.

మర్నాడు సాధ్వీజీని అడిగాను. భయంగానే అడిగాను, అంత పెద్దావిడ ముందు ఇంత చిన్న సంగతి. ఆవిడ తన ఉన్నికుచ్చు ఓఘా సర్దుకుంటూ విన్నారు. "క్షమించడం నీ పని. ఒప్పుకున్నది ఇవ్వడం అతని పని. నీ పని నువ్వు చేస్తే అతని పని అయిపోయినట్టా?" అన్నారు. అంతే, పక్కన పిల్లకి పాఠం చెప్పడంలో పడ్డారు.

కాగితం మీది చిరునామా పట్టుకుని వాసణా పేటకి వెళ్ళాను. కంపెనీ అంటే బోర్డూ బల్లా ఉంటాయనుకున్నాను. అది ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఇల్లు. గడప పక్కన స్టీలు డబ్బాల గుట్ట. తలుపు తీసినామె నా వయసుదే, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పేరు నిరూప, చంద్రేశ్ భాయ్ భార్య. నేనెవరో చెప్పగానే మంచినీళ్ళిచ్చి, వంటింట్లోనే పీట వేసింది. పొయ్యి మీద రెండు పెద్ద గిన్నెలు ఉడుకుతున్నాయి.

"ముగ్గురు వంటవాళ్ళున్నారని అన్నారే మీవారు?" అన్నాను చుట్టూ చూసి.

"ఉన్నారుగా. పొద్దున నేను, మధ్యాహ్నం నేను, సాయంత్రం నేను." గరిటె తిప్పుతూనే అంది. "ఈసారి ఎనిమిది రోజులు సెలవు కావాలని ఆషాఢంలోనే చెప్పాను బెన్. వచ్చే ఏడు చూద్దామన్నారు. నలభై ఇళ్ళ ఆర్డర్లు తీసుకున్నారు. నేను ఎవరికీ చెప్పకుండా అఠాయి మొదలుపెట్టాను. రెండు రోజులు ఉపవాసంతోనే వండాను. మూడోరోజు పొద్దున పప్పు కడుగుతున్నాను, ఏమైందో తెలీదు. గ్యాస్ కట్టేసి, ఆసనం చంకన పెట్టుకుని ఉపాశ్రయానికి వెళ్ళి కూర్చున్నాను. ఈయన వచ్చారు, మా అత్తగారు వచ్చారు, మా అన్నయ్యని పిలిపించారు. ఉపాశ్రయంలో అరవలేరుగా. చూసి చూసి వెళ్ళిపోయారు."

ఆవిడ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగి చేతులు జోడించింది.

"నలభై ఇళ్ళలో ఎవరో ఒకరు ఆసనం మీంచి లేచే ఉంటారు. ఆ పాపం నాదే. కూర్చున్నన్ని రోజులూ అదే తలుచుకున్నాను. మీ ఇంట్లో ఎవరు లేచారు?"

"నేనే."

"అఠాయిలోనా?"

"అవును."

"మరి మీరెందుకు లేచారు బెన్?"

ఎత్తిపొడుపు లేదు అందులో. తెలియక అడిగింది. ఖిచిడీ, బా, సూర్యుడు దిగడం, ఎన్నో చెప్పాలనుకున్నాను. ఆవిడ వంటింట్లో ఆ పీట మీద కూర్చుని చెప్పుకోవడానికి అవేవీ సరిపోలేదు. నేను లేవకపోతే కుంజన్ మళ్ళీ ఫోన్ చేసేవాడు. ఆ తర్వాత ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకునేదాకా నేను ఆగలేదు. నన్ను ఎవరూ లాక్కెళ్ళలేదు కూడా.

నిరూప ఫోన్ తీసి భర్తకి చేసింది. "ప్రజ్ఞాబెన్ వచ్చారు. ఆవిడ డబ్బు ఆవిడకి పంపండి. ...క్షమించారు, నిజమే. మీరు ఇవ్వలేదు, అదీ నిజమే. పంపకపోతే సాయంత్రం డబ్బాలు మీరే కట్టుకోండి." పెట్టేసి మళ్ళీ గరిటె అందుకుంది. నేను మెట్లు దిగేలోపే ఫోన్ టింగుమంది, డబ్బు వచ్చేసింది. సంతోషిస్తాననుకున్నాను. ఆటోలో కూర్చున్నాక కాళ్ళు లాగడం ఒక్కటే తెలిసింది.

ఇంట్లో ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. "వచ్చిందా? సాధించావే!" అని మా ఆయన నిజంగానే మెచ్చుకున్నారు. "పోన్లే, వచ్చే ఏడు ఇంకా మంచి కంపెనీ చూద్దాం. నేనే వెతుకుతాను."

"కంపెనీ వద్దు," అన్నాను చెప్పులు విడుస్తూ. "వచ్చే ఏడు నేను ఉపాశ్రయంలోనే ఉంటాను, ఎనిమిది రోజులూ. మధ్యలో లేవను."

బా జపమాల తిప్పడం ఆపి నన్ను చూసింది. కుంజన్ ఫోన్‌లోంచి తలెత్తాడు.

"మరి వంట?" అన్నారు మా ఆయన.

అలవాటు కొద్దీ జవాబు నా నోటిదాకా వచ్చింది. బా చేత పప్పు ముందే వేయించి ఉంచుదామనీ, ఖాఖరాలు డబ్బాలకెత్తి పెడతాననీ. మింగేశాను. ప్రశ్న ఆయన చేతిలోనే ఉండిపోయింది.