ఏడో నంబరు మూత

నరసరాజుగారి అంబాసిడర్ మంగళవారం పొద్దున్న ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని ఏలూరు పవర్‌పేటలోని మాణిక్యం రేడియేటర్ వర్క్స్ ముందు ఆగింది. పెంటపాడు నుంచి బయలుదేరి గుండుగొలను దాకా బాగానే వచ్చిందట. అక్కడ బానెట్ కింద నుంచి ఆవిరి కమ్ముకొచ్చింది. కారు ఎనభై నాలుగో సంవత్సరంది. నరసరాజుగారికి డెబ్బై మూడేళ్లు. వరిచేను అయినా కౌలుకిచ్చారు గాని, కారు స్టీరింగు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

షాపు మాణిక్యానిది. ఆయన కూతురు భాగ్యశ్రీకి ముప్ఫై నాలుగేళ్లు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి పదేళ్లుగా తండ్రితో పాటే షాపు చూసుకుంటోంది. ఇప్పటి కార్లకు వచ్చే అల్యూమినియం రేడియేటర్లు విప్పడం, కొత్తవి బిగించడం ఆమె పని. పాతకాలపు రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం పెట్టడం మాత్రం మాణిక్యానిదే. ఆ పని ఆయన కూతురికి నేర్పలేదు. ఆమె అడిగినప్పుడల్లా, "నిప్పుతోనూ యాసిడ్‌తోనూ పని, నీకెందుకమ్మా" అనేవాడు. రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మాణిక్యంగారూ, ఆదివారానికి బండి కావాలండి," అన్నారు నరసరాజుగారు కుర్చీలో కూర్చుంటూ. "మా ఆవిడ చదువు చెప్పిన పిల్లలు కొల్లేటికోటలో కలుసుకుంటున్నారు. నలభై ఏళ్ల కిందటి బ్యాచ్. ఈ కారులోనే రావాలని ఫోన్ చేసి మరీ చెప్పారు."

ఆయన భార్య సువర్ణ టీచరుగా మొదట పనిచేసింది కొల్లేటికోటలోనే. రోడ్డు ఉన్నంతవరకు ఆయన కారులో దింపేవారు, అక్కడినుంచి ఆవిడ దోనె ఎక్కి వెళ్లేది. ఒక వానాకాలంలో దుర్గాభవాని అనే ఏడేళ్ల పిల్లకు జ్వరం ముదిరి ఫిట్స్ వస్తే, దోనెలో ఒడ్డుకు తెచ్చి, ఈ కారులోనే కైకలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్ల బతికింది. ఇప్పుడు ఈ కలయిక ఏర్పాట్లన్నీ ఆమెవేనని నరసరాజుగారు తండ్రీకూతుళ్లకు చెప్పారు.

మాణిక్యం రేడియేటరు విప్పించి నీళ్ల తొట్టిలో ముంచి గాలి పెట్టాడు. నాలుగు చోట్ల బుడగలు వచ్చాయి.

"సాయంత్రానికి ఇచ్చేస్తానండి," అన్నాడు.

సాయంత్రానికి నాలుగూ మూసుకున్నాయి, కొత్తగా ఆరు తెరుచుకున్నాయి. మంట తగిలిన చోటల్లా పక్కనున్న గొట్టం చిల్లు పడుతోంది. బుధవారం పొద్దున్న ఆయన మళ్లీ కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. భాగ్యశ్రీ క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టి, రేడియేటరు గొట్టాన్ని గోటితో నొక్కి చూసింది. అది కాగితంలా లోపలికి వంగింది.

"నాన్నా, కోర్ పోయింది. గొట్టాలన్నీ పలచబడిపోయాయి. ఇంక టంకం నిలవదు."

"నలభై ఏళ్లుగా దీన్ని నేనే చూస్తున్నాను."

"అందుకే ఇన్నాళ్లు వచ్చింది."

మాణిక్యం మంట ఆర్పాడు. చేతులు కడుక్కుని అన్నం తినడానికి కూర్చున్నాడు గాని రెండు ముద్దలు తిని లేచాడు.

ఆ మోడల్‌కు కొత్త రేడియేటరు దొరకదు. రాగి కోర్ కొత్తది వేయించాలంటే విజయవాడ పంపాలి, మూడు వారాలు పడుతుంది. భాగ్యశ్రీ తెలిసిన షాపులన్నిటికీ ఫోన్లు చేసింది. తాడేపల్లిగూడెంలో పాత సామాన్లు అమ్మే అమరేశ్వరరావుగారు ఒక్కరే ఉందన్నారు. "పాతదానికి కాదమ్మా. తర్వాత వేరే ఇంజను పెట్టి అమ్మిన అంబాసిడర్‌ది. ఇదీ ఇత్తడే. వచ్చి చూసుకోండి."

గురువారం ఆమె పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి గూడెం వెళ్లి, టేపుతో కొలుచుకుని, ఆ రేడియేటరును గోనెపట్టాలో చుట్టించుకుని తెచ్చింది. మాణిక్యం దాన్ని చూసి, "ఇది ఈ బండికి పుట్టలేదు," అన్నాడు. అయినా తొట్టిలో ముంచి చూశాడు. ఒక్క బుడగ రాలేదు.

అక్కడినుంచి పనంతా భాగ్యశ్రీది. కొత్త రేడియేటరు పాతదానికంటే వెడల్పు, మందం కూడా ఎక్కువ. పాత బోల్టు రంధ్రాల్లో బిగిస్తే ఫ్యాను రెక్క కోర్‌కు అరంగుళం దూరంలో తిరుగుతోంది. గతుకులో పడితే రెక్క తగిలి కోర్ చీలిపోతుంది. ఆమె ఇనపపట్టీతో రెండు బ్రాకెట్లు చేసి రేడియేటరును ముందుకు జరిపింది. కింద రబ్బరు ముక్కలు వేసింది. కింది గొట్టం మూతి పాతదానికి ఎడమవైపు, దీనికి కుడివైపు. పాత హోస్ అందదు. షాపులో ఉన్న హోస్‌లన్నీ నేల మీద పరిచి, వంపు చూసి చూసి, చివరికి ఒక చిన్న లారీ హోస్ ఎంచింది. రెండు చివర్లూ కోస్తే సరిగ్గా సరిపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి కూలెంట్ పోసి ఇంజను స్టార్ట్ చేసింది. అరగంట నడిపినా వేడి చూపించే ముల్లు సగం దాటలేదు.

నరసరాజుగారు ఆ పాటికి వచ్చి ఉన్నారు. "ఓసారి రోడ్డు మీద చూద్దామండి," అంటే ఇద్దరూ బయలుదేరారు. ఆయన నడుపుతుంటే భాగ్యశ్రీ పక్కన కూర్చుని ముల్లు చూస్తూ ఉంది. కైకలూరు రోడ్డులో పెదఎడ్లగాడి వంతెన దాకా వెళ్లారు. వంతెన కింద నీళ్లలో కిక్కిస గడ్డి తెప్పలుగా కొట్టుకుపోతోంది. ముల్లు కదల్లేదు.

"చాలా బాగుందమ్మా. కొత్తప్పుడు కూడా ఇంత చల్లగా నడవలేదు," అన్నారు ఆయన.

తిరుగుదారిలో నాలుగు కిలోమీటర్లు రాకుండానే కూలెంట్ తియ్యటి వాసన వచ్చింది. భాగ్యశ్రీ బండి ఆపించి బానెట్ ఎత్తింది. వాటర్ పంపు అతుకు దగ్గర్నుంచి ఆకుపచ్చ నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. రేడియేటరులో తడి లేదు. తను చేసిన బ్రాకెట్లు, హోస్, అన్నీ పొడిగా ఉన్నాయి. పాత పంపు కారుతోంది.

"పంపు కూడా పోయిందాండి?" అన్నారు నరసరాజుగారు.

"తెలీదండి. మొన్నటిదాకా కారలేదు కదా."

ఇంజను చల్లారేదాకా చెరువుగట్టు మీద కూర్చున్నారు. తర్వాత ఆమె పక్క చెరువు కాపలా అతన్ని అడిగి బిందెడు నీళ్లు తెచ్చి పోసి, లోపల ఒత్తిడి పెరగకుండా మూత పూర్తిగా బిగించకుండా వదులుగా పెట్టింది. నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చారు. షాపు చేరేవరకు పంపు దగ్గర ఒక్క చుక్క పడలేదు.

జరిగింది విని మాణిక్యం కుర్చీలోంచి లేచాడు. "మూత వదులుగా పెడితే కారలేదా?"

"లేదు."

ఆయన కారు దగ్గరికి వెళ్లి మూత తీసి వెలుతురులో పెట్టి చూశాడు. లోపలికి వెళ్లి పాత రేడియేటరు మూత తెచ్చాడు. రెండూ కూతురి అరచేతిలో పెట్టాడు. పాతదాని మీద ఏడు అంకె ఉంది, కొత్తదాని మీద పదమూడు.

భాగ్యశ్రీకి అప్పుడు తెలిసింది. కొత్త రేడియేటరు మూత నీళ్లను దాదాపు రెండింతల ఒత్తిడితో బిగించి ఉంచుతుంది. రేడియేటరు దానికి తట్టుకుంటుంది. నలభై ఏళ్ల పంపు తట్టుకోదు. ఇన్ని కొలతలు తీసింది గాని మూత మీద అంకె చూడలేదు.

"నాదే పొరపాటు నాన్నా."

"పొరపాటు ఏముంది. మూత కొలతల్లోకి ఎవరికి వస్తుంది. పాతది పెట్టి చూడు."

పాత మూత కొత్త మూతికి బిగుసుకోలేదు. దాని అడుగు లోతు ఎక్కువ. సగంలోనే తట్టుకుని ఆగిపోతోంది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న ఊళ్లోని షాపులన్నీ తిరిగినా ఆ మూతికి పట్టే ఏడో నంబరు మూత దొరకలేదు. శనివారం పదకొండింటికి ఆమె తిరిగొచ్చేసరికి, మాణిక్యం పాత రేడియేటరు పై తొట్టిని బల్ల మీద పెట్టుకుని, మూత కూర్చునే ఇత్తడి మూతిని మంటతో ఊడదీస్తున్నాడు.

"దీన్ని దానికి అతుకుదాం," అన్నాడు.

కొత్త రేడియేటరును మళ్లీ కారులోంచి విప్పి బల్ల మీదికి ఎక్కించారు. దాని మూతి ఊడదీసి, చోటంతా గీకి శుభ్రం చేశారు. మిగతా అతుకులు కరిగిపోకుండా చుట్టూ తడిగుడ్డలు చుట్టారు. మాణిక్యం యాసిడ్ రాసి, ఎడమచేత్తో మంట, కుడిచేత్తో టంకం కడ్డీ పట్టుకున్నాడు. కడ్డీ కొస మూతి చుట్టూ తిరగాలి. అది అటూ ఇటూ ఊగి, టంకం బొట్టుబొట్లుగా తొట్టి మీద పడింది. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అలాగే పడింది. మూడోసారి కుడిమణికట్టును బల్ల అంచుకు ఆనించి ప్రయత్నించాడు. కాసేపటికి మంట తగ్గించి, స్టూలు మీద కూర్చున్నాడు.

భాగ్యశ్రీ తడిగుడ్డలు సర్దుతూ ఉండిపోయింది. ఆయన వైపు చూడలేదు.

"ఇలా రా," అన్నాడు మాణిక్యం. "నువ్వు పట్టు."

"నాకు రాదు కదా."

"నేనున్నాను కదా."

ఆమె మంట అందుకుంది. తండ్రి పక్కన నిలబడి చెబుతూ వచ్చాడు. "మంట టంకం మీద పెట్టకు, ఇత్తడి మీద పెట్టు. ఇత్తడి వేడెక్కితే టంకం అదే పాకుతుంది. తొందరపడకు. రంగు మారుతోంది చూశావా? ఇప్పుడు కడ్డీ తాకించు. తీసెయ్. పక్కకి జరుగు." ఆమె నుదుటి చెమట కంట్లోకి కారింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. టంకం ఒక్కసారిగా వెండిరంగు నీళ్లలా మెరిసి అతుకులోకి జారిపోయినప్పుడు ఆమె మంట వెనక్కి లాగేసింది. పాడైపోయిందనుకుంది.

"అదే," అన్నాడు మాణిక్యం. "అలాగే చుట్టూ రా."

మొదటిసారి నీళ్ల తొట్టిలో ముంచితే ఒక పక్క బుడగలు వచ్చాయి. మళ్లీ కరిగించి పెట్టింది. రెండోసారి రాలేదు. అతుకు అందంగా లేదు. ఒకచోట గడ్డకట్టింది, ఒకచోట పలచగా ఉంది. మాణిక్యం వేలితో చుట్టూ తడిమి, "కారదు," అన్నాడు. సాయంత్రం పంపు అతుకుకు కొత్త గాస్కెట్ వేసి, ఏడో నంబరు మూత బిగించి, నరసరాజుగారు వచ్చాక మళ్లీ వంతెన దాకా వెళ్లొచ్చారు. ఎక్కడా తడి లేదు.

ఆదివారం పొద్దున్న నరసరాజుగారు, సువర్ణ టీచరు రైల్లో ఏలూరు వచ్చారు. టీచరుగారు షాపు ముందు కారును చూసి, "ట్యాక్సీ మాట్లాడుకుందాం అంటే వినలేదమ్మా ఈయన. మీ అందరికీ వారం రోజులు పని పెట్టారు," అంది.

"దారిలో ఏమైనా తేడా వస్తే చూడ్డానికి మీరు కూడా రావాలండి," అన్నారు నరసరాజుగారు భాగ్యశ్రీతో. మాణిక్యం తలూపాడు. ఆమె పానాల సంచీ, నీళ్ల డబ్బా వెనకసీట్లో పెట్టుకుని ఎక్కింది.

కైకలూరు దాటి, ఆలపాడు దగ్గర మలుపు తిరిగి, చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద కొల్లేటికోట చేరేసరికి పదిన్నర అయింది. ముల్లు సగం దగ్గరే ఉంది. బడి ముందు యాభైమంది దాకా నిలబడి ఉన్నారు. అందరికీ నలభై ఐదు, యాభై ఏళ్లు. కారు ఆగగానే అందరూ టీచరుగారిని చుట్టుముట్టారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకామె ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని వదల్లేదు. దుర్గాభవాని ఆమేనని భాగ్యశ్రీకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"జ్వరమేమైనా ఉందా?" అంది టీచరుగారు ఆమె నుదురు మీద చెయ్యి వేసి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దుర్గాభవాని నవ్వుతూనే ఏడ్చింది.

అందరూ లోపలికి వెళ్లిపోయారు. కారు వైపు ఒక్కరూ చూడలేదు. నరసరాజుగారు స్టీరింగు ముందే కూర్చుని ఉన్నారు.

"కారులోనే రమ్మన్నారండి, ఫోన్లో," అన్నారు.

"వచ్చాం కదండీ," అంది భాగ్యశ్రీ.

ఆయన దిగి, తనే బానెట్ ఎత్తి పెట్టారు. చెరువుల మీద పనిచేసే ఇద్దరు అటుగా పోతూ ఆగారు. పాత ఇంజనుకు అంత పెద్ద రేడియేటరు ఎలా పట్టిందని ఒకాయన అడిగాడు. నరసరాజుగారు బ్రాకెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి మూత మీద అంకె దాకా అంతా చెప్పారు. వింటున్నవాళ్లు ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు పదిమందయ్యారు. ఈలోగా దుర్గాభవాని పులిహోర పళ్లెంతో బయటికొచ్చి కారును చూసింది.

"ఆ కారు తెల్లదనుకున్నానండి," అంది.

"అప్పుడు తెల్లదేనమ్మా. తర్వాత రంగు వేయించాను," అన్నారు నరసరాజుగారు.

ఆమె పళ్లెం భాగ్యశ్రీ చేతికిచ్చి, వెనక తలుపు తెరిచి, సీటు మీద కాసేపు కూర్చుంది. ఏమీ గుర్తు రావడం లేదని చెప్పి లేచి, "టీచరుగారి ఒళ్లో పడుకున్నానంట. అది మా అమ్మ చెప్పిందే," అంది.

సాయంత్రం చీకటి పడకముందే ఏలూరు వచ్చేశారు. వాళ్లు భాగ్యశ్రీని షాపు దగ్గర దింపి పెంటపాడు వెళ్లిపోయారు.

సోమవారం పది గంటలకు కొల్లేటికోట నుంచి ఆటోలో ఇద్దరు వచ్చారు. చెరువు దగ్గర జనరేటరుకు పెట్టిన పాత ఇత్తడి రేడియేటరు తెచ్చారు. నిన్న నరసరాజుగారి మాటలు విన్నామన్నారు. మాణిక్యం దాన్ని తిరగేసి, వేలితో తడిమి చూశాడు.

"మూడుచోట్ల పోయింది. కోర్ బాగానే ఉంది," అని కూతురి ముందు పెట్టాడు. "చూడమ్మా. నేను టీ తాగి వస్తాను."

టీకొట్టు వీధి చివరే. ఆయన తిరిగి రావడానికి ఆ రోజు గంట పట్టింది.